ఆరు గళ్ళు

సిరోంచ తహసీలు ఆఫీసు ఎదురుగా నా దుకాణం.
జిరాక్స్, సాత్ బారా, కరెంటు బిల్లు.
నాకంటే ముందు ముగ్గురి చేతులు మారిన కంప్యూటరు.
వానొస్తే దాన్నే ముందు పక్కకు జరుపుతాను.

ఉద్దెర ఖాతాలు నేనే పేజీలుగా కట్టుకున్నాను.
మనిషికో పేజీ, కిటికీ పైపట్టీలో మనిషి పేరు, తెలుగులో.
లోపల అంకెలు, సరుకు వివరం. పేరు మళ్ళీ రాయలేదు,
పైన ఉంది కదా అని.

పైన గళ్ళున్నాయి.
తునికాకు కల్లంలో కట్టలు పరిచినట్టు
వరసగా, ఖాళీగా.
మరాఠీ పేజీలకు ఈ జబ్బు లేదు.
తలాఠి సంతకం పడ్డ పొలం కాగితం
తన పేరు తానే చెప్పుకుని నిటారుగా నిలబడుతుంది.

మూడేండ్లు పట్టించుకోలేదు.
గళ్ళు లెక్కపెట్టి మనిషిని పట్టడం అలవాటైంది.
నాలుగైతే పోశం, అయిదైతే లచ్చి,
ఎనిమిది కనిపిస్తే చంద్రయ్య, చెప్పులు బయటే విడుస్తాడు.

ఆరు దగ్గర పడ్డాను.

బానక్క మూడక్షరాలు. పోచక్క మూడక్షరాలు.
గళ్ళలో మాత్రం గుణింతానికొకటి, పొల్లుకొకటి,
కింద ఒదిగిన కకు ఇంకొకటి.
విడదీసి పరిస్తే ఇద్దరూ ఆరే.
అంగడి నాడు రెండూ తెరిచే ఉన్నాయి.
బానక్క ఇచ్చిన మూడు వందల నలభై
పోచక్క పేజీలో పడింది.

వారం తిరక్కుండా బానక్కను అడిగాను.
"ఇచ్చిన గద బిడ్డా. నీ చేతులనే పెట్టిన.
తడిసిన నోటు నువ్వే ఫ్యాను కింద ఆరవెట్టినవ్."
తెర ఆమె వైపు తిప్పి బాకీ చూపించాను.
ఆమె తెర చూడలేదు, నన్ను చూసింది.
గొడుగు మరిచి వెళ్ళిపోయింది.

ఫ్యాను సంగతి నాకు రాత్రి అన్నం దగ్గర గుర్తొచ్చింది.

దుకాణం తెరిచి ఆర్పి వెలిగించాను. గళ్ళు.
భాష తెలుగుకి మార్చాను. మెనూలన్నీ
గ్రాంథికం మాట్లాడటం మొదలెట్టాయి, పైన గళ్ళు.
బ్రౌజరు పీకేసి కొత్తది దింపాను,
ప్రాణహిత ఆవలి టవరు దయతలిస్తే రెండు గంటలు. గళ్ళు.
అహేరిలో నైతామ్‌ని నిద్ర లేపాను.
"మరాఠీలో రాసుకో, అయిపోతుంది" అన్నాడు.
అది నిజమే. అయిపోయేది.

రెండింటికి తెలిసింది.
కిటికీ లోపలిదంతా బ్రౌజరుది,
తన అక్షరాలు అది ఎక్కడినుంచైనా తెచ్చుకుంటుంది.
చట్రం దానిది కాదు, డెస్క్‌టాపుది.
చట్రం మీద పేరు రాసే చెయ్యి వేరే.
థీముల వెనక ఎవరూ తొక్కని మూల ఒక వరస: శీర్షిక ఫాంటు.
నాకు ముందు ముగ్గురిలో ఎవరో సోకు కోసం పెట్టింది,
వెతికితే అందులో తెలుగు అక్షరం ఒక్కటి లేదు.
మార్చాను.

వెంటనే రాలేదు.
బయటికి పోయి మళ్ళీ లోపలికొస్తే
బానక్క.
ఇరుకు పట్టీలో క వత్తుకు కాలు కాస్త తెగి.

పొద్దున అంకీసా బస్సెక్కాను, గొడుగు పట్టుకుని.
మిరప నారు పీకుతోంది.
తప్పు నాదే అన్నాను. గళ్ళ గురించి, చట్రం గురించి,
రాత్రి రెండింటి గురించి చెప్పబోయాను.
"పేరు కనవడకుంటే మనిషిని అడగాలె" అంది,
చేతులు నారు మీది నుంచి లేవకుండా.
గొడుగు గట్టు మీద పెట్టి వచ్చాను.

ఇక పోచక్క.
నీకేం బాకీ లేదు పో అని నోరారా నేనే చెప్పాను.
ఇంకోసారి లెక్క చూడమంది,
చూశాను కూడా. నవ్వుకుంటూ పోయింది,
ఆ పైసలు ఈపాటికి ఏ పనికో చెల్లిపోయి ఉంటాయి.

ఆమె పేజీ తెరుచుకుని కూర్చున్నాను.
పైన పేరు చాలా స్పష్టంగా ఉంది.