మూడు గడులు

బోర్డు మీద మూడు గడులు గీసింది హైమవతి మేడమ్:
ఎదుటోణ్ణి చూసి నవ్వడం,
పొంతన కుదరక నవ్వడం,
బరువు దిగి నవ్వడం.
కోఠి కాలేజీ, మధ్యాహ్నం రెండు,
డబ్బాలో తెచ్చుకున్న పులిహోర
కళ్లల్లోకి ఎక్కే వేళ

నఫీసా లేచి తను రాసింది చదివింది:
ఆటో నడిపే వాళ్ల అబ్బా
అంబులెన్సులో మాస్కు పక్కకు లాగి
డ్రైవర్‌ని తిట్టాడట,
"పుత్లీబౌలీ మీంచి పోనియ్ భాయ్,
ఇటు సిగ్నల్ పడ్తది!"

క్లాసంతా గొల్లుమంది.
ముందు నవ్వింది నేనే.

"పడ్డది" అని
కాగితం మడిచింది నఫీసా.

సుద్దముక్క ఏ గడి దగ్గరా ఆగలేదు.

పరీక్షలో పది మార్కులకు హాస్యభేదాలు అడిగారు.
స్మితం నుంచి అతిహసితం దాకా
ఆరూ రాశాను, తప్పులేకుండా.

బస్సు ఆ ఎర్రలైటు కింద ఆగితే మాత్రం
ఇప్పటికీ
మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను.