మూడో గీత

అంబాజీపేటలో, కొబ్బరి మార్కెట్టు వెనక నా కొట్టు.
పటాలు కడతాను.
దేవుళ్ళకీ, పెళ్ళిళ్ళకీ, దండ పడ్డవాళ్ళకీ.

సుభద్రమ్మ అనే ఆవిడ పీచు సంచిలో తెచ్చింది.
అద్దం పగిలింది, ఒక మూల చెద తినేసింది,
మిగిలిన కాగితంలో పెన్సిలు సిపాయి.
పంపన ముసలయ్య.
ముసలితనం పేరులోనే.
మొహానికి ఇరవై రెండు దాటలేదు.

ముందు టోపీ చూశాను.
బిళ్ళ ఉండాల్సిన చోట వట్టి సున్నా.
భుజం మీది అక్షరాల చోటు తెల్లగా వదిలేశాడు గీసినవాడు.
ఏ పటాలమో పగవాడికి తెలియకూడదట.
వెనక తారీకుంది, నలభై నాలుగు. ఊరు లేదు.
రంగం దారిలో ఏదో ఏటి ఒడ్డని
ఇంట్లో చెప్పుకుంటారు.

దాచమన్నవన్నీ దాచి
అక్కర్లేని చోట పెన్సిలు చెక్కి చెక్కి కూర్చున్నాడు:
ముంజేతి లోపల కాయలు,
తాటిచెట్టును కావలించుకుని కావలించుకుని కాసినవి.
ఎడమ భుజం నుంచి జేబులోకి దిగే తాడు,
పురి పురీ లెక్కపెట్టొచ్చు.
"ఈల కట్టుకునే తాడమ్మా, పటాలంలో ఇస్తారు" అన్నాను.
"మోకు" అంది. "మా తాత గీతకెళ్ళేవాడు."
నేను మళ్ళీ మాట్లాడలేదు.

చేతి మీద పట్టీలు మూడు.
రెండు బూడిదరంగు, మెత్తన, ఒకే చేతివి.
మూడోది వంగపండు రంగు.
కరణాల బల్లల మీద ఉండేది అప్పట్లో,
తడి తగిలితే ఊదాగా ఉబ్బే కాపీయింగు పెన్సిలు.
వంకర గీత. నొక్కిన నొక్కుడు
కాగితం వెనక్కి తేలింది.
ఏ తుఫాను చెమ్మకో
మోచేతి దాకా కారింది.

"ఈ మరక తీసెయ్యనా?"

"మామ్మ వేసింది.
వేలిముద్ర తప్ప ఏదీ వెయ్యడం రాదు ఆవిడకి.
రెండు పట్టీలకింత, మూడింటికింత అని
ఎవడో చెప్పాడంట.
పటం చంకనెట్టుకుని లాంచీ ఎక్కి
రాజమండ్రి పోయింది, పింఛను ఆఫీసుకి.
గుమాస్తా పడీ పడీ నవ్వాడంట.
నవ్వి,
'ఏమ్మా హవల్దారు పెళ్ళామా, కూర్చో' అన్నాడంట.
పింఛను సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.
ఆ పిలుపే చెప్పుకునేది, పోయేదాకా."

తీసెయ్యమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు.
కాయల లారీ ఒకటి సందులో ఇరుక్కుని
హారను కొడుతూనే ఉంది.

అట్ట కోసేటప్పుడు
చేతి వైపు
అర అంగుళం ఎక్కువ వదిలాను.