మూడో రూపం

ఎనిమిదో తరగతి, సార్వా ఊడుపుల రోజులు, రెండో పీరియడు.
బోసకుర్రు హైస్కూలు బోర్డు మీద మూడు గళ్ళు గీశాను:
సింగ్, శాంగ్, సంగ్.
లోపలి అచ్చు ఒక్కటే మారుతుంది పిల్లలూ,
నోరు బాగా తెరిచి
మళ్ళీ సగం మూసుకున్నట్టు.

"ఆయ్" అన్నారు అందరూ.

వెనక బెంచీ గెడ్డం షారోను లేచింది.
"మురుగుకోడు చేపలకి మా నాన్న పాట పాడేడండి,
డెబ్భై వేలకి. అదీ సింగేనాండి?"
కాదమ్మా, అది బిడ్.
దాని మూడు రూపాలూ ఒకటే: బిడ్, బిడ్, బిడ్.
ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.

"మరి మా మోటారు పాడైందండి?"
క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.
మన పాడులో ఎన్ని కాపురాలో అప్పుడు తట్టింది,
పాడిగేదె, పాడుకొంప, పాడె.
మాది పెట్టె ఆచారం, పాడె కాదు.
అయినా ఆ మాట దగ్గర ఆగిపోయాను.

కిటికీ అవతల చేలో ఊడుపు యంత్రం.
ఇంగ్లీషులో మరుగుతున్న కెటిలు కూడా పాడుతుందట,
పోలీసులకు గుట్టు చెప్పేసినవాడూ పాడినట్టేనట.
ఈ యంత్రానికి ఏ క్రియ రాయాలో తెలీదు.

ఆ మడిలోనే మా మేనత్త ఎస్తేరు
పిక్కల్లోతు బురదలో ఒక పాదం ఎత్తుకుంటే
ఇరవై నడుములు అందుకునేవి,
పాట ముందుకీ, కాళ్ళు వెనక్కీ.
దాళ్వా నాటికి గొంతు పోయేది.
"పాడి పాడి పాడైందే" అని
ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊసేది.
పోయిన లెంటు రోజుల్లో
వైనతేయ గట్టు పక్కన మట్టి వేశాం.

గ్రామరు పుస్తకం కచ్చితంగా చెబుతుంది:
మనిషి ఉంటేనే "హేజ్ సంగ్",
పోతే ఉత్త "శాంగ్".
మన "పాడింది"కి ఆ పట్టింపు లేదు.
ఉన్నా పాడింది,
లేకున్నా పాడింది.

అదంతా పిల్లలకి చెప్పలేదు.
సుద్దముక్క మూడో గడి మీదే ఉంది.

బయట యంత్రం మూల తిరగలేక ఆగింది.
యంత్రానికి అందని ఆ నాలుగు మూరల్లో
ఆకు కట్టలు పట్టుకుని ఇద్దరు దిగారు.
ఒకావిడ వంగి ఏదో అంటోంది,
పాటో, డ్రైవరుని తిట్టో,
ఇంత దూరం తెలియడం లేదు.

"ఇది రాసేసుకోమంటారాండి?"

ఉండండి, అన్నాను.
కాసేపు మాట్లాడకండి.