పుల్ల ఎటువైపు

నౌపడలో పాత ఉప్పు కచేరీకి
పన్నెండు కిటికీలు, మూడు తలుపులు.
టేపు పట్టి మూడు రోజులు కొలిచాను.
ఏ రెండూ ఒక్కటి కావు.
ఒకటి వేలెడు పొట్టి, ఒకటి బెత్తెడు బారు,
తూర్పుగోడది కాస్త ఒరిగి
ఉప్పుమడి గట్టు మీద కొంగలా
ఒంటికాలి మీద నిలబడి ఉంది.

కాంట్రాక్టరు జోగినాయుడు
మెరుపు కాగితాల పుస్తకం తెరిచాడు.
"అల్యూమినియం, మేడమ్. జారుడు తలుపులు, నల్లద్దాలు.
పన్నెండూ ఒకే సైజు. గోడ చెక్కేసుకుంటే సరి."
గోడ చెక్కేసుకుంటే సరి!
చెప్పు పట్టకపోతే
కాలు చెక్కుకోమన్నట్టు.

నేనేం అనలేదు. పాత మేకొకటి ఊడదీసి
అతని అరచేతిలో పెట్టాను.
నలిపాడు. పొడైపోయింది.
ఇక్కడి గాలికి ఇనుమంటే తాటిబెల్లం.

వడ్రంగి మౌనాచారి పేరుకు తగ్గవాడు కాదు.
వచ్చిన గంట నుంచీ తలుపుతో కబుర్లాడుతూనే ఉన్నాడు.
ఉలి అంచుతో రంగు గీకాడు, ఉల్లిపొర తీసినట్టు.
పైన సర్కారు పచ్చ, కింద మీగడ,
దాని కింద ఎవరింటి పెళ్లికో తెచ్చి మిగిలిన నీలం,
అట్టడుగున గేరు ఎరుపు.
"ఏది వెయ్యమంటారు? అన్నీ పాతవే."

ఏడో కిటికీకి రెక్కలే లేవు.
ఎప్పుడో ఏ జవానో టీపొడి పెట్టె చెక్కలు కొట్టాడు,
తలకిందులుగా అక్షరాలింకా కనిపిస్తున్నాయి.
అదీ పీకెయ్యాలా?
వానంటే ఏమిటో వాడికీ తెలుసు కదా.

కర్ర మాత్రం దొరికింది.
తిత్లీ పడగొట్టిన ఉద్దానం పనసలు
కవిటి దగ్గర ఒక రైతు పాకలో ఆరేళ్లుగా ఆరుతున్నాయి.
కోస్తే పచ్చి పసుపు.
"ఉండనీండి, ఏడాదికి తేనె, పదేళ్లకి బెల్లం" అన్నాడు ఆచారి.
ఇనుము వద్దు. ఇత్తడి బందులు, కర్ర చీలలు.
రెక్క రెక్కకీ వాలు: వాన జారాలి, గాలి దూరాలి.
ఎంత వాలంటే కొలబద్ద తియ్యలేదు,
అరచెయ్యి ఏటవాలుగా పట్టి చూపించాడు,
చంటిదాని మొహం మీద ఎండ పడకుండా పట్టే చెయ్యి.

నాలుగో కిటికీ దగ్గర ఆగిపోయాం.
గడప మధ్యలో గుంట. వాన చేసింది కాదు.
మడుల్లోంచి వచ్చి తవిటమ్మ తొంగి చూసింది,
పిక్కల దాకా తెల్లటి ఉప్పుచారలు.
"కూలి కిటికీ అమ్మా ఇది.
గుమస్తా లోపల్నించి రెక్కలు వాల్చీసీవోడు.
ఆడికి మావందరం అగుపడతాం,
మాకు ఆడి ఏళ్లే అగుపడీవి.
పద్దెనిమిదేళ్లు తీసుకున్నాను.
ఇచ్చినోడి మొకం సూన్నేదు."

గుంటలో చెయ్యి పెట్టింది.
సరిపోయింది.

నేను చదువుకుని వచ్చినదాన్ని.
ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడమే ధర్మమని
పై ఆఫీసుకి మూడు పేజీలు రాసినదాన్ని.
రెక్కలు కదిపే పుల్ల లోపలివైపు ఉండాలని
నా బొమ్మలో ఎర్ర సిరాతో గీసి ఉంది.

"పాతలాగే సెయ్యండి" అంది వెళ్తూ,
"పుల్ల మాత్రం ఈపాలి ఇటు ఎట్టండి."

ఆచారి నా వైపు చూశాడు.
ఆ రోజంతటిలో ఆయన నోరు మూసింది
అప్పుడే.

రాత్రి టెక్కలి లాడ్జిలో అంచనా కాగితం.
గడప: మార్చరాదు, గుంటతో సహా.
రంగు: గేరు.
ఏడో కిటికీ: టీ పెట్టె చెక్కలు, ఉన్నవి ఉన్నట్టు.
నాలుగో కిటికీ: పాత కొలత, పాత వాలు, పనస.
పుల్ల...
ఎటువైపో రాసే గడి ఆ కాగితంలో లేదు.
ఎర్ర సిరా బొమ్మ మడిచి పెట్టెలో వేసుకున్నాను.

ఆషాఢంలో తనిఖీకి పెద్ద సారు వచ్చారు.
బందులు ఆడించారు, చీలలు తట్టారు,
నాలుగోదాని దగ్గర లోపల చీకట్లో
చాలాసేపు పుల్ల కోసం తడుముకున్నారు.
"ఇది తెరిచేదెలాగమ్మా?"

"బయటెవరైనా ఉన్నారేమో
అడగాలి సార్" అన్నాను.