చెల్లనివి పద్నాలుగు

రాత్రి పదకొండు దాటింది.
బ్యాడ్మింటన్ కోర్టు గీతల మీద బల్లలు పరిచి
మమ్మల్ని కూర్చోబెట్టారు.
పగలు లైబ్రరీలో పుస్తకాలకు తేదీలు గుద్దే నా వేళ్ళకి
ఇప్పుడు రబ్బరు తొడుగులు.

ఉపఎన్నిక. ఒకటే వార్డు, ఒకటే సీటు.
మార్ల్‌పిట్ వార్డంటే
రెండు టవర్లు, ఒక కాలువ, మూతబడ్డ ఈతకొలను,
లెక్కలేనన్ని కోడివేపుడు దుకాణాలు.
లండన్ మహానగరం అంటారు గానీ
ఇక్కడ జనం ఓటేసేది చెత్తబండి వచ్చే రోజు కోసం.

పెట్టెలు బోర్లించారు.
మడతలు విప్పడమే సగం పని.
కొందరు మందు పొట్లంలా కట్టి ఇచ్చారు.
పోస్టులో వచ్చినదాని మీద టీకప్పు అడుగు వలయం.
ఇరవై అయిదుకో కట్ట, కట్టకో రబ్బరు బ్యాండు.
బల్లకవతల పార్టీల మనుషులు మెడలు చాచి చూస్తున్నారు
చేపలబండి దగ్గర పిల్లుల్లా.

ఒంటిగంటకి తేలింది, తేలలేదని:
డెస్మండ్ అఫోలాబీ ఎనిమిది వందల డెబ్భై ఒకటి.
రోవెనా ట్రింబుల్ ఎనిమిది వందల డెబ్భై ఒకటి.

అప్పుడు తెచ్చారు అనుమానం ఓట్ల ట్రే.
పద్నాలుగు.
ఒకటి ఖాళీ.
ఒకదాని మీద నవ్వే కుక్క, బాగానే గీశారు.
ఒకదాంట్లో ఇద్దరి గళ్ళకీ అడ్డంగా
పెన్సిలు గట్టిగా నొక్కి:
"ఎవరైనా సరే. లిఫ్టు బాగుచెయ్యండి."

ఆ రాత నాకు తెలుసు.
'టీ' అక్షరం నెత్తిమీద గీత, పక్కకి జారిన టోపీలా.
పెద్దక్షరాల డిటెక్టివ్ నవలలు కావాలని
పదిహేనేళ్ళుగా నాకు చీటీలు రాస్తున్న చెయ్యి.
హేజెల్‌డీన్ టవర్, తొమ్మిదో అంతస్తు, విన్నీ టాప్సెల్.
ఆవిడకి ఎనభై మూడు. లిఫ్టు ఆగి పదకొండు నెలలు.
పోస్టులో పంపొచ్చుగా అంటే
పోస్టులో వెళ్ళేది గ్యాసు బిల్లు, ఓటు కాదు అనేది.
దిగొచ్చిందన్నమాట, నూట అరవై రెండు మెట్లు.
మళ్ళీ ఎక్కిందన్నమాట.

నేనేమీ అనలేదు. అనకూడదు, సంతకం పెట్టాను.
అధికారిణి మిసెస్ గ్రెండన్ కళ్ళజోడు పైకి తోసి
కాగితం ఇటు తిప్పి, అటు తిప్పి
ఎర్రసిరా ముద్ర గుద్దింది: తిరస్కృతం.

ఆ ఒక్కటీ ఇటు పడినా, అటు పడినా...

మొత్తం మళ్ళీ లెక్కపెట్టమన్నారు. పెట్టాం,
చెల్లినవీ, చెల్లనివీ.
అంకె మొండి గాడిద. కదల్లేదు.

సరే, చీటీలు వేశారు.
నవ్వకండి, చట్టంలోనే అలా రాసుంది.
కాపలా మనిషి ఎర్టెకిన్ తన ఉన్నిటోపీ ఇచ్చాడు.
రెండు పేర్లు, ఒక చెయ్యి.
ట్రింబుల్ అని చదివారు.
సగం హాలు చప్పట్లు, సగం హాలు కోట్లు వెతుక్కోవడం.
అఫోలాబీ మాత్రం టోపీలో మిగిలిన చీటీ తీసి
విప్పి, తన పేరుందో లేదో చూసుకుని
జేబులో పెట్టుకున్నాడు.

శనివారం పుస్తకాలు పట్టుకెళ్ళాను.
ఆరో అంతస్తు దగ్గర మెట్టు మీద
ఎవరో పాత కుషనొకటి వేసి ఉంచారు. కూర్చున్నాను.
తలుపు తీస్తూనే అడిగింది, ఎవరు నెగ్గారని.
చెప్పాను.
"నా ఓటు లెక్కపెట్టారా?"

ఆయాసం అక్కరకొచ్చింది.
సంచి కిందపెట్టి, ఊపిరి చిక్కాక
నిజమే చెప్పాను:
"రెండుసార్లు."

ఆవిడ నవలలన్నీ ఒళ్ళో సర్దుకుని
హంతకుడెవరో ముందే చెప్పకేం అంది,
కెటిల్ పెట్టడానికి లేవబోతూ.