శివారుకు నీళ్లు

ముప్పై ఏళ్లు లస్కరుగా చేశాను
అమలాపురం కాలవ మీద.
తూము మర ఎన్ని చుట్లు తిప్పితే
ఎన్నెకరాల నోరు తడుస్తుందో
కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి.

శివారు రైతు సైకిలేసుకొచ్చి
"నీళ్లందలేదండి" అని నిలబడితే
ఒక్కనాడూ వాడి చేనుని తిట్టలేదు.
గట్టెంట పైకి నడిచేవాణ్ణి.
గుర్రపుడెక్క ఎక్కడ అడ్డంపడిందో,
పూడిక ఎక్కడ మేట వేసిందో
మోకాలి లోతున దిగి కాలితో తడిమేవాణ్ణి.

అదే నేను
యాభై మూడో ఏట
నా శివారు ఎండిన రాత్రి
పైకి నడవలేదు.
గోడవైపు తిరిగి పడుకున్నాను.
వీరవేణి దుప్పటి సర్ది
"రేపు వంతు ఏ ఊరిది?" అనడిగింది,
కాలవ సంగతే అడిగినట్టు.

అంబాజీపేటలో
కొబ్బరికాయల లారీల వెనక
గుడారం వేశాడొకడు.
సీసాల్లో వేళ్లు, ఎండిన తొండలాంటిదేదో,
గొంతు తగ్గించి మాట్లాడే మైకు.
"దుష్ఫలితాలుండవు బాబూ,
అంతా ఆకూ అలమే" అన్నాడు.
గన్నేరూ ఆకేగా అని
ఆ పూట నా నోటికి రాలేదు.
రెండు సీసాలు, పద్దెనిమిది వందలు.
యూరియా బస్తాకి కూడా రసీదడిగేవాణ్ణి,
దీనికి సంచీ అడిగాను,
నల్లది.

పాలల్లో కలుపుకుని
గొడ్లసావిట్లో నిలబడి తాగాను ఇరవై రోజులు.
గేదె ఒక్కతే చూసింది.
తేన్పులొచ్చాయి. ఇంకేం రాలేదు.

చినబ్బులు బావకి మాత్రం
అదే గుడారంలో ఇంకేదో పొట్లం కట్టాడు.
"గంటలో గుణం రా!" అని చెవిలో చెప్పాడు బావ.
వారం తిరక్కుండానే
గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రా
ఆ పొట్లమూ ఒంట్లో ఎదురుపడి
చలిచెమటతో ఆటోలో వాలిపోయాడు.
బతికాడు, నిజమే.
డాక్టరమ్మ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది.
"ఇందులో ఏముందో నేను చెప్పలేను,
అమ్మినవాడూ చెప్పలేడు.
మేం చూసి రాసే మాత్రనే నూరి
ఎంతో చెప్పకుండా కలిపేవాళ్లున్నారు.
గుండె మందు వాడేవాళ్లకి మేమైతే అది రాయనే రాయం."

అందరూ వెళ్లాక గుమ్మం దగ్గర ఆగి
"మా స్నేహితుడొకడికండి..." అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
"ఆ స్నేహితుణ్ణి చొక్కా చెయ్యి మడవమనండి"
అంటూ బీపీ పట్టీ అందుకుంది.

నూట డెబ్బై.
చక్కెర మూడొందల చిల్లర.
"రక్తనాళాలంటే కాలవల్లాంటివండీ" అని మొదలెట్టింది.
అది నాకు చెప్పకండమ్మా.
సన్న బోదె ముందు పూడుతుంది.
పెద్ద కాలవకి ముప్పుందని
శివారే ముందు కబురు పంపుతుంది.
ఆ కబురు తెచ్చినవాడి నోట్లో
పొడి కొట్టి పంపేశాను నేను.

చక్కెరకి మాత్ర, బీపీకి మాత్ర.
చుట్ట మానాలి, గట్టు మీద నడవాలి.
గుండెకి పటం తీశారు.
అప్పుడు రాసింది అసలు మందు,
ఎంత, ఎప్పుడు, ఏది ఏదితో కలపకూడదో
వేలు పెట్టి చూపిస్తూ.
మందుల షాపు కుర్రాడు చీటీ చదివి
"నాలుగు చాలాండి?" అన్నాడు,
దగ్గుమందు ఇచ్చేవాడిలాగే.
రసీదిచ్చాడు.
మడిచి జేబులో పెట్టుకున్నాను.

ప్రతిసారీ నిండుగా పారుతుందని చెప్పను.
ఏప్రిల్లో కాలవ కట్టేసినట్టుండే రాత్రులున్నాయి.
ఆ రాత్రుల్లో ఇప్పుడు
గోడవైపు తిరగడం లేదు.
మాట్లాడుకుంటున్నాం,
ఏదో ఒకటి, గేదె ఈనడం గురించి,
చినబ్బులు బావ పథ్యం గురించి.

మూత తియ్యని రెండో సీసా
సావిట్లో గడ్డి కింద దాచాను కదా,
మొన్న వంటింట్లో కనపడింది,
నిండా మెంతులతో.
ఎక్కడిదని నేనడగలేదు.
ఎందుకని ఆవిడా అడగలేదు.
"మూత మాత్రం గట్టిది" అంది వీరవేణి.