ఇరవై రెండు జెర్సీలు

ఆదివారం పొద్దున ఏడింటికి
విరంబీ క్లబ్బు వెనక రేకుల షెడ్డులో
సంచి బోర్లిస్తాను.
నీలం మీద తెల్లటి అడ్డపట్టీ.
ఏదీ దాచుకోలేని రంగు.

బేకరీ అరుగు మీద మగవాళ్ళు లెక్కలేస్తున్నారు
ఆఖరి అయిదింట్లో నాలుగు గెలిచాం
పట్టికలో మూడో చోటు
శనివారం మెరింగా వాళ్ళతో సెమీ, ఓడితే ఇంటికే
కానీ ఈ ఊపులో మనల్ని ఎవరాపుతారు, అని.
పేపర్లో కూడా రాశారు:
"విరంబీ ఉతికి ఆరేసింది."
నవ్వొచ్చింది.
ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో
ఉతికి ఆరేస్తున్నది నేనొక్కదాన్నే.

నాకు పట్టిక అక్కర్లేదు.
మురికి ఎక్కడుందో చూస్తాను.

నాలుగో నంబరు, కెప్టెన్ డార్సీ క్రౌచ్.
జూన్‌లో బురదంతా రొమ్ము మీద ఉండేది
బంతి మీదికి తనే ముందు దూకేవాడు.
ఇప్పుడు వీపు మీదికి చేరింది.
ఎవడో ముందు చేరుతున్నాడు
ఇతన్ని పడేస్తున్నాడు.

పదిహేడు, రూబెన్. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, గాలి.
గడ్డి మరక ఎప్పుడూ ఎడమ పక్కనే.
ఎడమకి తప్ప తిరగడు.
బట్టలుతికే నాకు తెలిసిందంటే
మెరింగా వాళ్ళకి తెలియకుండా ఉంటుందా?

తొమ్మిది, ప్రిడ్‌మోర్.
ఏడు గోల్స్, పేపర్లో బొమ్మ.
జెర్సీ మడతపెట్టి బీరువాలో పెట్టుకోవచ్చు
అంత తెల్లగా ఉంది.
అట్టడుగు జట్టు మీద కొట్టిన ఏడు గోల్స్‌కి
చెమట కూడా పట్టలేదు పాపం.

అంతకు ముందు వారం ఓడిన ఆట గుర్తుందా?
తొమ్మిది గోల్స్, పదిహేడు గురితప్పిన తాపులు
వెరసి డెబ్భై ఒకటి.
గురి తప్పినా ఒక పాయింటు చేతిలో పెట్టే ఆట ఇది
మా నాన్న కంటే దయగలది.
ఆ దయకే అలవాటు పడ్డారేమో మా వాళ్ళు.

ఇరవై రెండు, కొత్త పిల్లాడు.
ఆఖర్లో పది నిమిషాలు ఆడనిచ్చారు.
పది నిమిషాలకే
మెడ దాకా నల్లరేగడి,
చేతి అంచున పంటిగాటు, ఎవరిదో.
దీన్ని వెచ్చటి నీళ్ళలో విడిగా నానేశాను
ఎందుకో మరి.

ముప్పై ఒకటి అడుగున మిగిలింది.
మా చెల్లెలి కొడుకు గావిన్‌ది.
ఆరడుగుల ఏడంగుళాలు, మధ్యలో నిలబడి
ఎగిరి బంతి తట్టేవాడు.
కుడి భుజం కుట్టు ప్రతి వారం చిరుగుతుంది
ప్రతి వారం తిట్టుకుంటూ కుడతాను.
ఈ పొద్దున సూదిలో నీలం దారం ఎక్కించుకుని మరీ వచ్చాను.
కుట్టు చెక్కుచెదరలేదు.
రెండుసార్లు తడిమాను.
గురువారం ప్రాక్టీసు తర్వాత
ఒంటిచేత్తో షూ లేసు కట్టుకుంటూ
నన్ను చూసి కిటికీ వైపు తిరిగాడు.

కోచ్ షుర్మన్ వచ్చాడు.
విజిల్ మర్చిపోయానంటాడు ప్రతి ఆదివారం
విజిల్ మెడలోనే ఉంటుంది.
"ఏమంటున్నాయ్ కోరల్, నీ బట్టలు?"

నాలుగు గురించి చెప్పాను.
పదిహేడు గురించి, తొమ్మిది గురించి
కాస్త ఎక్కువే చెప్పాను.
ఇరవై రెండు బకెట్లో ఉంది, చూడు, అన్నాను.
తలూపుతూ వింటూనే
ముప్పై ఒకటి చేతిలోకి తీసుకున్నాడు
భుజం వెంట బొటనవేలు పోనిచ్చాడు
మెడ నుంచి చేతిదాకా, మళ్ళీ వెనక్కి.
నా వైపు చూడలేదు.
నేనూ నీళ్ళ వైపే చూశాను.
"వాన పడదట శనివారం," అన్నాడు.
"పడదట," అన్నాను.

అతను వెళ్ళాక మిషను తిప్పాను.
మొదటి నీళ్ళు నల్లగా పోయాయి
రెండో నీళ్ళు టీ రంగులో.
సబ్బు తక్కువైతే పక్కింటి వెరోనికాని అడిగి తెచ్చాను.

దారం మాత్రం సూదిలోంచి తియ్యలేదు.
అప్రాను అంచుకి గుచ్చుకున్నాను.